ఆగగలిగినవాడిదే ధర
పాఠకుల ప్రశ్నలు – జవాబులు

పెట్టుబడిదారీ వ్యవస్థ వల్ల మేలెంత, కీడెంత అన్న విషయం మీద ఈసారి ప్రశ్నలు ఆహ్వానించాం. గోదావరి డెల్టా నుంచి వచ్చిన ఉత్తరాల్లో సిద్ధాంతం తక్కువ, లెక్కలు ఎక్కువ. జవాబులూ అదే దారిలో ఇస్తున్నాం. ఖర్చులు, దిగుబడులు ఊరికీ ఊరికీ మారతాయి కాబట్టి లెక్క తేలికగా ఉండేలా గుండ్రటి అంకెలు తీసుకున్నాం. వాటి స్థానంలో మీ ఖాతా పుస్తకంలోని అంకెలు వేసి చూసుకోండి.

ప్రశ్న: పెట్టుబడిదారీ విధానం పుట్టి కొన్ని వందల ఏళ్లే అయిందని మా లెక్చరర్ గారు చెప్పారు. సంతలూ షావుకార్లూ ఎప్పటినుంచో ఉన్నారు కదా అంటారు మా తాతయ్య. ఎవరి మాట నిజం? (డిగ్రీ విద్యార్థిని, తణుకు)

జవాబు: ఇద్దరిదీ నిజమే. కాకపోతే ఇద్దరూ చెప్పేది ఒకే సంగతి కాదు. సంతలో వంకాయలమ్మి ఉప్పూ చింతపండూ కొనుక్కునే మనిషికి డబ్బు మధ్యలో చేతులు మారే వస్తువు మాత్రమే. ఇంట్లోకి కావలసింది దొరికితే ఆ రోజు బేరం ముగిసినట్టే. పెట్టుబడికి ముగింపు లేదు. డబ్బుగా బయల్దేరి, సరుకుగా మారి, ఎక్కువ డబ్బుగా తిరిగి రావాలి. వచ్చింది మళ్లీ బయల్దేరాలి. అది జరగాలంటే సరుకులతో పాటు భూమికీ, కూలికీ, అప్పుకీ కూడా ధర కట్టే బజారు ఉండాలి. తాతయ్య గారు చెప్పే సంతలో అది లేదు.

మన డెల్టాలో ఈ మార్పుకు తేదీలు కూడా చెప్పవచ్చు. 1821లో సుమారు 7.4 లక్షలున్న గోదావరి జిల్లా జనాభా కరువులతో, వలసలతో 1841 నాటికి సుమారు 5.6 లక్షలకు పడిపోయింది. 1847లో మొదలై 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట కాలువలకు నీళ్లిచ్చింది. ఆ కాలువల మీదే పడవలూ నడిచాయి. తిండిగింజగా ఉన్న వరి అమ్మకపు సరుకైంది. ఆ మిగులు రైసు మిల్లులైంది. పక్కన కృష్ణా డెల్టాలో, మచిలీపట్నంలో 1923లో ఆంధ్రా బ్యాంకు పుట్టింది. మీ తణుకులో 1947లో ఆంధ్రా షుగర్స్ వచ్చింది. ఈ వ్యవస్థ చేసిన మేలు ఇక్కడ కంటికి కనిపిస్తుంది: గాదెలో ముక్కిపోవలసిన మిగులు యంత్రమై, ఇంకొకరికి పనై తిరిగింది.

అయితే ఆనకట్ట కట్టింది సర్కారు సొమ్ముతో, వాటాదారుల సొమ్ముతో కాదు. అదే కాలంలో కర్నూలు–కడప కాలువను ఒక ప్రైవేటు కంపెనీకి అప్పగించారు. పెట్టిన డబ్బుకు 5 శాతం వడ్డీ వచ్చేలా ప్రభుత్వం హామీ ఇచ్చింది. లాభం రాలేదు. చివరికి 1882లో ప్రభుత్వమే దాన్ని కొనుక్కుంది. గోదావరి జిల్లాల సంపద గురించి మాట్లాడేటప్పుడు కష్టపడిన కుటుంబాల పేర్లతో పాటు ఈ సంగతీ చెప్పాలి. ఇక్కడి ప్రైవేటు లాభమంతా ప్రజల సొమ్ముతో వేసిన కాలువ గట్టు మీద పెరిగిందే.

ప్రశ్న: అమెరికా సుంకం పెంచిందన్న వార్త వచ్చిన సాయంత్రానికే రొయ్య కౌంటు ధర తగ్గించేశారు. తగ్గేటప్పుడు ఉన్న వేగం పెరిగేటప్పుడు ఉండదు. గిరాకీని బట్టే ధర అంటే ఇదేనా? (వెనామీ రకం రొయ్యల రైతు, ఆకివీడు)

జవాబు: గిరాకీ సగమే. మిగతా సగం, ఎవరు ఎన్నాళ్లు ఆగగలరు అన్నది. ముందు ఎకరా లెక్క చూద్దాం.

లక్ష పిల్ల వేస్తే 80 శాతం బతికి 50 కౌంటుకు వచ్చిందనుకోండి. 80,000 రొయ్యలు, కిలోకు 50 చొప్పున 1,600 కిలోలు. కిలో రొయ్యకు 1.4 కిలోల మేత చొప్పున 2,240 కిలోలు. మేత కిలో 100 రూపాయలైతే కిలో రొయ్య మీద పడే మేత ఖర్చు 140. పిల్ల ఒక్కోటి 40 పైసలైతే కిలోకు 25. కరెంటు, ఏరేటర్లు, మందులు, లీజు, కూలీ కలిపి 70 వేసుకుందాం. మొత్తం 235. కౌంటు ధర 300 ఉంటే కిలోకు 65 మిగులు. ధర 250కి వస్తే 15 మిగులు. ధర తగ్గింది ఆరో వంతు, మీ మిగులు పోయింది మూడొంతులకు పైగా. ఇంతలో వైట్‌స్పాట్ తెగులు తగిలి బతికినవి సగమే అయితే పిల్ల, కరెంటు, లీజు ఖర్చులు తక్కువ కిలోల మీద పడతాయి. అప్పుడు 300 ధరకు కూడా దాదాపు ఏమీ మిగలదు.

ఇక ఆగడం సంగతి. పట్టుబడికి వచ్చిన 1,600 కిలోల రొయ్య రోజుకు బరువులో 2.5 శాతం మేత తింటుందనుకుంటే 40 కిలోలు, అంటే 4,000 రూపాయలు. కరెంటు దీనికి అదనం. రాత్రి కరెంటు పోయి జనరేటరు అందుకోకపోతే తెల్లారేసరికి చెరువంతా తేలుతుంది. పట్టాక ఐసులో పెట్టిన సరుకు కూడా రోజులు ఆగదు. సరుకు కొనే ప్రాసెసింగ్ ప్లాంటుకు మైనస్ 18 డిగ్రీల గిడ్డంగి ఉంది, అందులో నెలలు ఆగుతుంది. అమెరికా కొనుగోలుదారుకు ఈక్వడార్ రొయ్య ఉంది. 2025 ఆగస్టు 27 నుంచి మన సరుకుల్లో చాలావాటి మీద అమెరికా సుంకం 50 శాతానికి చేరినప్పుడు ఆ బరువు గొలుసు వెంట కిందికి దిగుతూ వచ్చి, పక్కకు తప్పుకోలేని మనిషి దగ్గర ఆగింది. నింపిన చెరువున్న రైతు తప్పుకోలేడు. సుంకం ఎవరి మీద వేశారో కాగితం చెబుతుంది. ఎవరు మోస్తారన్నది తప్పుకునే దారి ఎవరికి లేదో దాన్ని బట్టి తేలుతుంది.

పెరిగేటప్పుడు నెమ్మదిగా పెరగడానికి కారణం కూడా ఇదే. పెరిగిందన్న కబురు ముందు ప్లాంటుకు తెలుస్తుంది, మీకు తర్వాత తెలుస్తుంది. ఆ మధ్య రోజుల్లో పాత ధరకే సరుకు కొనుక్కోవచ్చు.

చేయగలిగినవి ఉన్నాయి. మీ చెరువులన్నీ ఒకే వారంలో పట్టుబడికి రాకుండా పిల్ల వేసే తేదీల మధ్య మూడు నాలుగు వారాల తేడా పెట్టండి. 70 కౌంటు దగ్గర మూడో వంతు పట్టి అమ్మితే చేతికి నగదు వస్తుంది, రోజువారీ మేతా ఆక్సిజన్ అవసరమూ తగ్గుతాయి, మిగతా రొయ్యకు నాలుగు రోజులు ఆగే శక్తి వస్తుంది. కౌంటు చూసేటప్పుడు ఒక్క మూల కాకుండా నాలుగైదు చోట్ల విసురు వల వేయించండి, నీరు పూర్తిగా వాడ్చాకే తూకం వేయించండి. వాడిన మందుల బిల్లులు దాచండి. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ల వంటి నిషేధిత మందుల అవశేషాలు లేవని పట్టుబడికి ముందు చేయించిన ల్యాబ్ పరీక్ష కాగితం చేతిలో ఉంటే ధర కోయడానికి ఒక సాకు తగ్గుతుంది.

మేత అప్పు మీద తెస్తుంటే దాని అసలు వడ్డీ లెక్కేయండి. నగదుకు 100, అప్పుకు 103 అయితే మూడు రూపాయలే కదా అనిపిస్తుంది. ఆ మేతకు డబ్బు కట్టేది సగటున 60 రోజుల తర్వాత అయితే అది ఏడాదికి 18 శాతం. పైగా అప్పిచ్చిన మనిషికే సరుకు అమ్మాలన్న షరతు ఉంటే మీరు ధర అడిగే హక్కును కూడా తాకట్టు పెట్టినట్టే. వడ్డీ కన్నా ఖరీదైనది ఆ షరతు.

అన్ని ప్లాంట్లూ ఒకే ధర చెప్పడం ఒక్కటే చట్టరీత్యా తప్పు కాదు. కూడబలుక్కుని చెబితే 2002 నాటి కాంపిటీషన్ చట్టం ప్రకారం తప్పు. జరిమానా అలా నడిపిన ప్రతి ఏడాదికీ లాభానికి మూడు రెట్లు లేదా టర్నోవరులో 10 శాతం, ఏది ఎక్కువైతే అంతవరకూ ఉండొచ్చు. ఒక రైతు నోటిమాట అక్కడ నిలవదు. ఊళ్లో పది మంది తేదీ, సమయం, కౌంటు, చెప్పిన ధర, పంపిన మెసేజి ఒకే పుస్తకంలో రాసిపెడితే అది పనికొచ్చే సాక్ష్యం అవుతుంది.

ప్రశ్న: వరికి మద్దతు ధర ఖర్చుకు ఒకటిన్నర రెట్లు అంటున్నారు. ఆ లెక్క మా ఇంటికి ఎందుకు రాదు? (కౌలు రైతు, ముమ్మిడివరం)

జవాబు: 2025–26కి సాధారణ రకం ధర క్వింటాకు 2,369 రూపాయలు. ఖర్చు 1,579 అని లెక్క కట్టి ఒకటిన్నర రెట్లు చేశారు. ఆ ఖర్చులో చేతి నుంచి పెట్టినవీ, ఇంటిల్లిపాది కష్టానికి కట్టిన కూలీ ఉన్నాయి. కట్టిన కౌలు కూడా అందులో ఉంది. కానీ అది దేశం మొత్తానికి సగటు. సొంత పొలం చేసుకునేవారికి కౌలు సున్నా కనుక, ఆ సున్నాలన్నీ కలిసి సగటులో మీ కౌలు పలచబడిపోతుంది. సొంత భూమికీ అద్దె కట్టి లెక్కేయాలన్న రైతు సంఘాల కోరికకు మూలం ఇక్కడే ఉంది.

బస్తాల్లో చూద్దాం. 2,369 అంటే 75 కిలోల బస్తాకు 1,777. ఎకరాకు సార్వాకు (ఖరీఫ్) 28, దాళ్వాకు (రబీ) 45, మొత్తం 73 బస్తాలు పండాయనుకోండి. రెండు పంటలకూ కౌలు 30 బస్తాలు పోతే 43 మిగులుతాయి. విలువ సుమారు 76,400. పంటకు 33,000 చొప్పున ఖర్చు 66,000. ఏడాది కష్టానికి 10,400 మిగిలింది. అదే ధాన్యం కళ్లంలోనే బస్తా 1,600కు తెగితే మిగిలేది 2,800. పొలం యజమానికి మాత్రం రెండు సందర్భాల్లోనూ అవే 30 బస్తాలు. వానా, తెగులూ మీ మీదే, ధర పడితే ముందు పోయేదీ మీ మిగులే. నష్టభయం మోసేవాడికి లాభం రావాలన్నది పెట్టుబడిదారీ విధానం తనను తాను సమర్థించుకునే ముఖ్యమైన వాదన. మన కౌలు పద్ధతిలో అది తలకిందులైంది.

తేమ పేరుతో కోసే తరుగుకు లెక్క ఉంది, గుర్తు పెట్టుకోండి. కొనుగోలు కేంద్రంలో తేమ 17 శాతం వరకు ఒప్పుకుంటారు. 20 శాతం తేమ ఉన్న 75 కిలోల బస్తా 17కి ఆరితే 72.3 కిలోలవుతుంది, అంటే తరుగు 2.7 కిలోలు. 22 శాతం ఉంటే 4.5 కిలోలు. ఆరబెట్టే కూలి కలిపినా ఇంతకు మించి బస్తాకు ఏడెనిమిది కిలోలు కోస్తున్నారంటే అది తేమ లెక్క కాదు. కోత మిషన్లు వచ్చాక ఊరి పంటంతా పదిహేను రోజుల్లో రోడ్డెక్కుతోంది. బరకాలు, ఆరబోసే చోటు, మబ్బు పడితే దాచే గిడ్డంగి లేని రైతు ఆగలేడు. మిల్లు ఆగుతుంది.

కౌలు రైతుకు ఇచ్చే పంట సాగుదారు హక్కుల కార్డు 11 నెలలు చెల్లుతుంది. అది, ఈ-పంట నమోదు ఉంటేనే అమ్మకం, బీమా, అప్పు మీ పేరు మీద నడుస్తాయి. 2019 చట్టం ప్రకారం కార్డుకు యజమాని సంతకం కావాలి. భూమి హక్కు పోతుందన్న భయంతో చాలామంది పెట్టరు. భూమి హక్కుకు ఆ కార్డుతో సంబంధం లేదని చట్టంలోనే ఉంది. ఆ పేజీ ప్రింటు తీసుకుని నాట్లకు ముందే వెళ్లి అడగండి, కోతలప్పుడు అడిగితే పెట్టరు.

2011 సార్వాలో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించారు. గిట్టుబాటు లేకపోతే ఫ్యాక్టరీ మూసే యజమాని చేసే పనే అది, రైతుకూ ఆ హక్కుంది. ఆ సీజన్లో నాట్లూ కోతలూ లేక కూలి దొరకని ఇళ్ల లెక్క మాత్రం ఎక్కువ మంది అడగలేదు.

ప్రశ్న: మా గ్రూపుకు 30,000 అప్పు 12 శాతం, అంటే రూపాయి వడ్డీకే అని ఇచ్చారు. నెలకు 2,800 చొప్పున 12 వాయిదాలు. చవకే కదండీ? (పొదుపు సంఘం సభ్యురాలు, పాలకొల్లు)

జవాబు: కాదమ్మా. మొదటి నెల నుంచే అసలు కొంత తీరుతున్నా వడ్డీ మాత్రం ఏడాది పొడవునా 30,000 మీదే వేశారు. తగ్గుతున్న అసలు మీద లెక్క కడితే ఏడాదికి 21 శాతం దాటుతుంది. రూపాయి వడ్డీ అని చెప్పింది నిజానికి రూపాయి ముప్పావు పైమాటే. 2022 ఏప్రిల్ నుంచి రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం మైక్రోఫైనాన్స్ అప్పు ఇచ్చేవాళ్లు అన్ని రుసుములూ కలిపిన వార్షిక వడ్డీని ఒక కాగితం మీద రాసివ్వాలి. ముందుగా తీర్చేస్తే జరిమానా వేయకూడదు. ఇంటి నెల ఆదాయంలో అన్ని వాయిదాలూ కలిపి సగం దాటకూడదు. ఆ కాగితం అడిగి తీసుకోండి.

ప్రశ్న: పక్క చెరువుల వల్ల మా వరి పొలం చవుడెక్కుతోంది. వాళ్ల భూమి, వాళ్ల ఇష్టం అంటున్నారు. స్వేచ్ఛా మార్కెట్లో దీనికి సమాధానం లేదా? (వరి రైతు, కాళ్ల)

జవాబు: ఉంది. తన భూమిలో తన ఇష్టం, కానీ ఉప్పు నీరు గట్టు దాటి ఊరిన క్షణం నుంచి అది మీ భూమి. మట్టిలో ఉప్పు ఎంతుందో చెప్పే లవణ సూచిక (ఈసీ) 3 దాటాక ప్రతి ఒక యూనిట్‌కూ వరి దిగుబడి సుమారు 12 శాతం తగ్గుతుంది. 5కు చేరితే 24 శాతం. దాళ్వాలో 45 బస్తాల మీద దాదాపు 11 బస్తాలు, 19,000 రూపాయలకు పైమాట. ఈ ఖర్చు రొయ్య ధరలో ఎక్కడా లేదు. అందుకే ఆ రొయ్య అంత చవకగా సముద్రం దాటుతోంది. ఊళ్లో బోరు నీరు ఉప్పగా మారి ఇంటికి రోజుకో టిన్ను 15 రూపాయలకు కొంటే ఏడాదికి 5,475. దేశ ఆదాయం లెక్కల్లో అది నష్టం కింద కాదు, జరిగిన వ్యాపారం కింద చేరుతుంది.

రుజువు ఇలా తయారు చేసుకోండి. చెరువు గట్టు నుంచి 2, 10, 30 మీటర్ల దూరాల్లో 15 సెంటీమీటర్ల లోతు మట్టి తీసి వేర్వేరు సంచుల్లో పరీక్షకు ఇవ్వండి. దూరం పెరిగేకొద్దీ ఉప్పు తగ్గుతుంటే అది గట్టు వైపు నుంచి వస్తోందని ఆ మూడు అంకెలే చెబుతాయి. ఒకే చోట తీసిన నమూనా ఏమీ చెప్పదు. సీజనుకు రెండుసార్లు తీయించి, సర్వే నంబరు రాసి, మత్స్యశాఖకూ సోమవారం కలెక్టరేట్ అర్జీల్లోనూ ఇవ్వండి, రసీదు దాచండి. చెరువుకు అనుమతి ఉందో లేదో ముందు అడగండి. సముద్రం, నదులు, ఉప్పుటేర్ల పోటు రేఖ నుంచి 2 కిలోమీటర్ల లోపు ఉప్పునీటి సాగైతే 2005 చట్టం కింద కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ పరిధిలోకి వస్తుంది. పరిష్కారం సాధారణంగా చెరువుకూ పొలానికీ మధ్య మీటరు లోతు ఊట కాలువ తవ్వి మురుగు కాలువలో కలపడం, తర్వాత మంచినీరు పెట్టి రెండు మూడుసార్లు తీసేయడం. జిప్సం అందరూ చెబుతారు. అది క్షార భూమికి మందు, ఉత్త ఉప్పుకు కాదు. ఏటా 11 బస్తాల పరిహారం ఇవ్వాల్సి వస్తే ఊట కాలువ తవ్వడమే చవకని ఎదుటివారికీ తెలుస్తుంది.

ఇది ఇరుగుపొరుగు తగాదాగానే మిగిలిపోతే ఏమవుతుందో కొల్లేరు చూపించింది. 1999లో ఆ సరస్సును ఐదో కాంటూరు (సముద్రమట్టానికి ఐదు అడుగుల ఎత్తు గీత) వరకు అభయారణ్యంగా ప్రకటించారు. చెరువు గట్లు కొట్టింది 2006లో. ఆ మధ్య కాలంలో అప్పులు చేసి చెరువుల్లోకి దిగిన చిన్నవాళ్లు మునిగారు.

ప్రశ్న: ఇవన్నీ ప్రభుత్వమే నడిపితే బాధ ఉండదు కదా? (విశ్రాంత ఉద్యోగి, రాజమహేంద్రవరం)

జవాబు: 1991కి ముందు టెలిఫోను కోసం ఏళ్ల తరబడి వేచి ఉన్న సంగతి మీకే బాగా తెలుసు. 2009లో అనుమతి వచ్చిన వెనామీకి హేచరీలు, మేత మిల్లులు, ఏరేటర్ల తయారీ, ఐసు ఫ్యాక్టరీలు ఇంత వేగంగా అల్లుకున్నాయంటే అది లాభం మీద ఆశ చేసిన పని. మరోవైపు 1995 జనవరిలో పాశర్లపూడిలో 65 రోజులు మండిన గ్యాస్ బావి, 2014 జూన్ 27న నగరం గ్రామంలో 20 మందికి పైగా ప్రాణాలు తీసిన గ్యాస్ పైపులైను రెండూ ప్రభుత్వ రంగానివే. యజమాని మారినంత మాత్రాన పక్కింటివాడి ప్రాణానికి విలువ రాదు. నచ్చకపోతే వేరే దుకాణానికి వెళ్లగలిగిన చోట మార్కెట్ బాగా పనిచేస్తుంది. కాలువ నీరు, మురుగు కాలువ, తాగునీరు, ప్రాణం మీదికి వచ్చినప్పటి వైద్యం – ఇక్కడ వేరే దుకాణం లేదు. వీటిని బేరానికి వదలకూడదన్నది మా అభిప్రాయం.

ప్రశ్న: 12 అంగుళాల లేసు గుడ్డ అల్లడానికి ఆరు గంటలు పడుతుంది, 60 రూపాయలిస్తారు. అదే ఆన్‌లైన్లో 450కి కనిపించింది. ఇది దోపిడీయా, వ్యాపారమా? (లేసు అల్లే మహిళ, నర్సాపురం)

జవాబు: గంటకు 10 రూపాయలు. ముందు ఆ అంకెను గట్టిగా పలకాలి, ఎందుకంటే ముక్కకు ఇంత అని కట్టే పద్ధతిలో గంట కనబడదు. ఇంటిపని మధ్యలో ఖాళీగా ఉన్నప్పుడే కదా అన్న మాట కింద అది దాగిపోతుంది.

450లో పన్ను, వెబ్‌సైటు కమిషన్, కొరియర్, వెనక్కి వచ్చిన సరుకు పోను సగం మిగిలిందనుకుందాం: 225. నూలు 25, ఉతుకు, గంజి, ఇస్త్రీ, ప్యాకింగు 25 తీసేస్తే 175. మీకు 60 పోగా 115 మధ్యవాళ్లది. వాళ్ల పని వట్టిది కాదు. ఆర్డరు తెస్తారు, డిజైను ఇస్తారు, మచ్చ పడిన ముక్క నష్టం భరిస్తారు, డబ్బు మూడు నెలలకు వచ్చినా మీకు ముందే ఇస్తారు. ఆ ఆగినందుకు ఎంతివ్వాలో లెక్క కట్టండి. మీ 60, నూలు 25, కలిపి 85 రూపాయల మీద రెండు రూపాయల వడ్డీకి మూడు నెలలకు 5 రూపాయల 10 పైసలు. ఆర్డరుకూ డిజైనుకూ నష్టభయానికీ ఇంకో 50 ఇచ్చినా 60 మిగులుతుంది. అది మీకు వేరే కొనేవారు లేనందువల్ల పోతున్న డబ్బు. దోపిడీ అన్న మాట ఆ 60కి సరిపోతుంది, 390కి కాదు.

దాన్ని వెనక్కి తెచ్చుకోవాలంటే ఆ ఐదు రూపాయల పని మీరు చేయగలగాలి. వేర్వేరు కుటుంబాల నుంచి పది మంది ఉంటే 1995 నాటి పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం కింద సంఘం నమోదు చేసుకోవచ్చు. ఇరవై మంది, నెలకు పదేసి ముక్కలు అనుకుంటే అల్లిక కూలి 12,000, నూలు 5,000. మూడు నెలలకు 51,000. మచ్చలు, కొలత తేడాలకు పదో వంతు కలిపితే 56,000. ఇది పొదుపు సంఘానికి బ్యాంకు ఇచ్చే అప్పులో పట్టే మొత్తమే. చాలా సంఘాలు చితికేది అమ్మకం లేక కాదు. మొదటి ఆర్డరు డబ్బు ఆలస్యమై కూలి ఇవ్వలేక, సభ్యులు మళ్లీ పాత ఏజెంటు దగ్గరికి వెళ్లిపోవడం వల్ల. అందుకని ఆ 56,000 చేతికి రాకముందు పెద్ద ఆర్డరు ఒప్పుకోకండి.

నర్సాపురం లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. సంఘం పేరుతో అధీకృత వినియోగదారుగా నమోదైతే ఆ ముద్ర మీ సరుకు మీద వేసుకోవచ్చు. ముద్ర ఒక్కటే ధర పెంచదు, కొనేవారు మిమ్మల్ని వెతుక్కుంటూ రావడానికి ఆనవాలుగా పనికొస్తుంది. నమూనా ముక్కలు రెండు అల్లి, ఇద్దరి సంతకాలతో ఒకటి కొనేవారి దగ్గర, ఒకటి మీ దగ్గర ఉంచుకోండి. నూలు నంబరు, కొలత, బరువు దాని మీదే రాయండి. సరుకు బాగాలేదని వెనక్కి పంపినప్పుడు పక్కన పెట్టి చూపించడానికి అదే ఆధారం.